జావా రైలు దారిలో మూడు ఒప్పందాలు

జకార్తాలోని గంబిర్ స్టేషన్‌లో రైళ్లు నేల మీద ఆగవు, మేడ మీద ఆగుతాయి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే స్వాతంత్ర్య స్మారక స్తంభం, దాని నెత్తిన బంగారు తాపడం చేసిన జ్వాల కనబడతాయి. ఇక్కడ తూర్పు వైపు రైలెక్కితే తీరం వెంబడి చిరెబోన్, అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి యోగ్యకర్త. 1945 నుంచి 1949 దాకా ఇండొనేషియా గణతంత్రం బతికి బట్టకట్టిన కథ చాలావరకు ఈ రైలు దారికి అటూ ఇటూ నడిచిందే. తుపాకుల కథలు చెప్పే ఊళ్లు జావాలో ఎన్నో ఉన్నాయి. ఈ దారిలో దిగుతూ పోయేవాళ్లకు మాత్రం చర్చలు జరిగిన ఇళ్లు తగులుతాయి. మూడుసార్లు ఒప్పందం కుదిరింది. మొదటి రెండిటినీ పాత పాలకులైన డచ్చివాళ్లు కాలరాశారు.

రైలెక్కే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. దేశాన్ని ఆక్రమించుకున్న జపాన్ లొంగిపోయిన రెండు రోజులకు, 1945 ఆగస్టు 17న, పెగాంగ్సాన్ తిమూర్ వీధి 56వ నంబరు ఇంటి ముంగిట సహచరుడు హట్టాను పక్కన ఉంచుకుని ఉద్యమ నాయకుడు సుకర్ణో స్వాతంత్ర్య ప్రకటన చదివారు. మొత్తం రెండే వాక్యాలు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, 1960లలో కూల్చేశారు. ఆ స్థలంలో పార్కు వెలిసింది. ఇద్దరు నాయకుల నిలువెత్తు కంచు విగ్రహాలు, వాటి మధ్య రాతి పలక మీద ఆ రెండు వాక్యాలు ఉన్నాయి. సాయంత్రమైతే చుట్టుపక్కల వాళ్లు నడకకు వస్తారు, పిల్లలు బంతి ఆడుకుంటారు.

ఆ ఇంటి వెనకే రైలు పట్టాలు. జపాన్ సేన లొంగుబాటు చూడటానికి వచ్చిన బ్రిటిష్ సేన నీడన డచ్చివాళ్లు మళ్లీ ఊళ్లోకి దిగాక అక్కడ ఉండటం ప్రాణాల మీదికి వచ్చింది. 1946 జనవరి 3 రాత్రి నాయకులు కుటుంబాలతో సహా గుట్టుచప్పుడు కాకుండా రైలెక్కి యోగ్యకర్త వెళ్లిపోయారు. అక్కడి సుల్తాను తొమ్మిదో హమెంకుబువోనో ఆశ్రయం ఇచ్చారు. గణతంత్రానికి రాజధాని మారింది.

ఈ కథలో భారతీయులు రెండు వైపులా ఉన్నారు. 1945 సెప్టెంబరు నుంచి జావాలో దిగిన బ్రిటిష్ సేనలో ఎక్కువమంది భారతీయ సిపాయిలే. ఆ నవంబరులో సురబయ నగరం మీద దాడికి వెళ్లిందీ వాళ్లే. వాళ్లలో కొన్ని వందలమంది తుపాకులతో సహా గణతంత్రం పక్షాన చేరిపోయారు. తోటి బానిస దేశాన్ని అణచడానికి మా సిపాయిలను వాడొద్దని నెహ్రూ బహిరంగంగా నిరసించారు. జావా వెళ్లి చూసివస్తానంటే బ్రిటిష్ వారు ఆయన్ను వెళ్లనివ్వలేదు.

1946లో భారతదేశాన్ని తిండిగింజల కొరత తరుముకొస్తుంటే, 36 ఏళ్లకే ఇండొనేషియా ప్రధాని అయిన సుతాన్ షహ్రీర్ 5 లక్షల టన్నుల బియ్యం ఇస్తామని ముందుకొచ్చారు. బదులుగా గుడ్డలు, పనిముట్లు అడిగారు. డచ్చి దిగ్బంధం వల్ల అనుకున్నంత బియ్యం చేరలేదు. అయినా షహ్రీర్ లెక్క వేరు. డచ్చివాళ్లు లేనేలేదంటున్న ప్రభుత్వంతో మరో దేశం ఒప్పందం రాసుకుంటే, ఆ ప్రభుత్వం ఉన్నట్టే కదా!

చిరెబోన్‌లో దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఊరికి పేరు తెచ్చింది రొయ్యలు, ఆ తర్వాత 'నాసి జంబ్లాంగ్'. టేకాకులో కట్టిన గుప్పెడు అన్నం, పక్కన వరసగా పేర్చిన కూరల్లోంచి ఎవరికి కావలసింది వాళ్లు చూపించి వేయించుకోవాలి. మన పెళ్లిళ్ల మోదుగాకు విస్తరిలో తిన్నవాళ్లకు ఆ వేడి ఆకు వాసన కొత్తగా అనిపించదు. అక్కడి నుంచి దక్షిణంగా కునింగన్ దారి పడితే రోడ్డు మెల్లగా ఎత్తుకు పాకుతుంది. ఎదురుగా చిరెమాయ్ అగ్నిపర్వతం, 3,078 మీటర్లు, పశ్చిమ జావాలో అన్నిటికన్నా ఎత్తు. రోడ్డు పక్క దుకాణాల్లో ప్లాస్టిక్ బకెట్లు వరసగా వేలాడుతుంటాయి. వాటిలో ఉండేది పులియబెట్టిన జిగురు బియ్యం, చిన్న చిన్న ఆకు పొట్లాల్లో చుట్టి. తీపీ పులుపూ కలిసి, కాస్త కైపుగా ఉంటుంది.

లింగర్‌జాతి గ్రామంలో మొదటి ఒప్పందం చర్చలు జరిగిన ఇల్లు కొండవాలు మీద ఉంటుంది. డచ్చివాళ్ల కాలంలో హోటలు, జపాన్ వాళ్ల కాలంలో సత్రం, స్వాతంత్ర్య ప్రకటన తర్వాత 'మెర్దెకా' హోటలు, ఇప్పుడు మ్యూజియం. తెల్ల గోడలు, పెంకుల కప్పు, చుట్టూ తోట. నడిమి హాల్లో పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ కుర్చీలు. పక్క గదుల్లో ప్రతినిధులు పడుకున్న మంచాలు, బీరువాలు అలాగే ఉంచారు. హాలు పెద్దదేం కాదు. బల్లకు ఈ వైపు కూర్చున్న మనిషి గొణిగినా ఆ వైపుకు వినిపిస్తుంది.

ఇంత మారుమూల ఊరు ఎందుకంటే, జకార్తా డచ్చివాళ్ల చేతిలో, యోగ్యకర్త గణతంత్రం చేతిలో ఉన్నాయి. మధ్యస్థంగా ఒక చోటు కావాలి. గణతంత్రం మంత్రివర్గంలో ఉన్న మరియా ఉల్ఫా తండ్రి ఒకప్పుడు కునింగన్ పాలనాధికారి. ఈ చోటు సూచించింది ఆమే.

1946 నవంబరు 11న మాటలు మొదలయ్యాయి. డచ్చి వైపు మాజీ ప్రధాని స్కెర్‌మెర్‌హార్న్, గవర్నర్ వాన్ మూక్. ఇటువైపు షహ్రీర్. మధ్యవర్తి బ్రిటన్ పంపిన లార్డ్ కిల్లర్న్. బ్రిటన్‌కు తన సేనను ఆ నెలాఖరుకు వెనక్కి తీసుకెళ్లే తొందర. సుకర్ణో, హట్టా దగ్గర్లోని కునింగన్‌లో బస చేశారు. 12 రాత్రి వాన్ మూక్ బృందం మర్యాదపూర్వకంగా సుకర్ణోను కలవడానికి వెళ్లింది. అలసిపోయిన షహ్రీర్ ఆ వేళకు విశ్రాంతిలో ఉన్నారు. మాటల్లో మాటగా ముసాయిదా ప్రస్తావన వచ్చింది. షహ్రీర్ ఇంకా పట్టుబడుతున్న అంశాలు ఉన్నాయని తెలియని సుకర్ణో సరేననేశారు. తెల్లారాక షహ్రీర్‌కు ఆ కబురు తెలిసింది. 15న ముసాయిదా మీద పొడి సంతకాలు పడ్డాయి.

ఒప్పందం ప్రకారం జావా, మదుర, సుమత్రాల మీద గణతంత్రం అధికారం వాస్తవంగా ఉందని డచ్చివాళ్లు ఒప్పుకున్నారు. 1949 జనవరి 1 నాటికి సంయుక్త రాష్ట్రాల ఇండొనేషియా ఏర్పడాలి. పైన నెదర్లాండ్స్ రాణి ఛత్రం కింద ఒక యూనియన్. 'వాస్తవంగా' అంటే చట్టబద్ధంగా కాదు కదా అని యోగ్యకర్తలో అతివాదులు మండిపడ్డారు. డచ్చి ప్రభుత్వం కొలువున్న హేగ్‌లో కుడిపక్షాలవాళ్లు అంతకన్నా ఎక్కువ మండిపడ్డారు. డచ్చి పార్లమెంటు తనకు అనువైన భాష్యం తగిలించి మరీ ఆమోదించింది. 1947 మార్చి 25న జకార్తాలో అసలు సంతకాలు జరిగేసరికే, రెండు పక్షాలూ సంతకం పెట్టింది ఒకే కాగితం మీదైనా చదువుకున్నది మాత్రం రెండు వేర్వేరు కాగితాలను.

అయితే ఆ కాగితంలో షహ్రీర్ పట్టు మీద నిలిచిన ఒక షరతు ఉంది. తగాదా తెగకపోతే మూడో వ్యక్తి తీర్పు చెప్పాలన్నది ఆ షరతు. మూడో మనిషిని గుమ్మంలోకి రానివ్వకూడదన్నదే డచ్చివాళ్ల మొదటి సూత్రం. ఆ సూత్రానికి లింగర్‌జాతిలో చిల్లు పడింది.

చిరెబోన్ నుంచి యోగ్యకర్త రైలు వరిచేల మధ్యగా సాగుతుంది. దిగాక అందరూ మలియోబోరో వీధికి పరుగెత్తుతారు. దౌత్యం దారి పట్టినవాళ్లు మాత్రం ముందు ఊరికి దక్షిణంగా, బంతుల్ జిల్లాలోని న్గోతో గ్రామానికి వెళ్లాలి.

1947 జూలై 20 అర్ధరాత్రి దాటగానే డచ్చి సైన్యం గణతంత్రం నేల మీదికి దూకింది. దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. ఆ గందరగోళంలోనే ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ తన డకోటా విమానంలో షహ్రీర్‌ను జావా నుంచి బయటికి తెచ్చారు. భార్య జ్ఞాన్ పట్నాయక్ కూడా ఆ విమానంలో ఉన్నారు. సింగపూర్ మీదుగా షహ్రీర్ ఢిల్లీ చేరారు. వారం తిరక్కుండానే, జూలై 29 సాయంత్రం, పట్నాయక్‌కే చెందిన కళింగ సంస్థ డకోటా మరొకటి, వీటీ-సీఎల్ఏ, మలయా రెడ్‌క్రాస్ ఇచ్చిన మందులతో యోగ్యకర్తలో దిగబోతుంటే డచ్చి యుద్ధ విమానాలు కూల్చేశాయి. తొమ్మిది మందిలో ఒక్కరే బతికారు. చనిపోయినవారిలో ఇండొనేషియా వాయుసేనకు పునాది వేసిన ఆదిసుచిప్తో, అబ్దుల్‌రహ్మాన్ సాలే, ఆదిసుమార్మో ఉన్నారు. ఆస్ట్రేలియా పైలట్ కాన్‌స్టంటైన్, బ్రిటిష్ సహ పైలట్ హేజల్‌హర్స్ట్, భారతీయ ఇంజనీరు భీడా రామ్ కూడా పోయారు.

విమానం పడిన న్గోతోలో ఇప్పుడు వాయుసేన స్మారకం ఉంది. ఆదిసుచిప్తో, సాలే సమాధులు కూడా ఇక్కడికే మార్చారు. పొలాల మధ్య ఊరు, పెద్దగా జనం రారు. ఏటా జూలై 29న మాత్రం వాయుసేన అధికారులు వచ్చి వందనం చేస్తారు. యోగ్యకర్త పాత విమానాశ్రయానికి, సోలో, మలాంగ్ విమానాశ్రయాలకు ఆ ముగ్గురి పేర్లే. అక్కడికి విమానం టికెట్ కొన్న ప్రతివాడూ తెలిసో తెలియకో ఆ పేర్లు పలుకుతాడు.

విమానం కూలిన మర్నాడు, జూలై 30న, భారత్, ఆస్ట్రేలియా వేర్వేరుగా భద్రతా మండలి తలుపు తట్టాయి. భారత్‌కు అప్పటికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది! ఆగస్టు 1న మండలి కాల్పులు ఆపమంది. 14న షహ్రీర్ అదే మండలి ముందు నిలబడి తన దేశం మాట వినిపించారు. ఇది మా ఇంటి వ్యవహారం, ఐక్యరాజ్య సమితికి సంబంధం లేదని డచ్చి ప్రతినిధి వాదించారు. లింగర్‌జాతి కాగితమే ఆ వాదనకు అడ్డం వచ్చింది. మూడో పక్షం తీర్పు ఉంటుందని మీరే సంతకం పెట్టారు కదా అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర సరైన జవాబు లేదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఏడాది తర్వాత, 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ ఫిర్యాదు అదే మండలికి వచ్చినప్పుడు, అది స్వతంత్ర రాజ్యం కాదు, ఫిర్యాదుకు అర్హతే లేదని భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్ వాదించారు. రెండు సందర్భాలూ ఒకటి కావు. సముద్రాలు దాటివచ్చి ఏలిన పాలకుడు వేరు, చుట్టూ భారత భూభాగమే ఉన్న సంస్థానం వేరు. కానీ 'ఇంటి వ్యవహారం' అన్న గోడ ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో దౌత్యంలో ముందే చెప్పలేం.

యోగ్యకర్తకు ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో, మెరాపి అగ్నిపర్వతం ఒడిలో కలియురాంగ్ ఉంది. చల్లటి విడిది ఊరు. బెల్లపు రుచి ఎక్కించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) ముక్కను జిగురన్నం బిళ్లల మధ్య పెట్టి అమ్ముతారు, ఒక్కటి తింటే కడుపు నిండుతుంది. భద్రతా మండలి వేసిన సత్సేవా సంఘం (గుడ్ ఆఫీసెస్ కమిటీ) ఈ ఊళ్లో బస చేసింది. అందులో ఇండొనేషియా కోరుకున్నది ఆస్ట్రేలియాను, నెదర్లాండ్స్ కోరుకున్నది బెల్జియంను, ఆస్ట్రేలియా, బెల్జియం కలిసి ఎంచుకున్నది అమెరికాను. జకార్తా రేవులో లంగరు వేసిన రెన్‌విల్ అనే అమెరికా నౌకాదళ ఓడ మీద ఈ సంఘం మాటలు జరిపించింది. 1948 జనవరి 17న రెండో ఒప్పందం.

గణతంత్రానికి అది చేదు మాత్ర. డచ్చి సైన్యం ఎక్కడిదాకా చొచ్చుకొచ్చిందో అక్కడే గీత గీశారు. పశ్చిమ జావా నుంచి గణతంత్రపు సిలివాంగి డివిజన్ సైనికులు వేలాదిగా ఇళ్లూ వాకిళ్లూ వదిలి గణతంత్రం ప్రాంతానికి తరలిపోవాల్సి వచ్చింది. సంతకం పెట్టిన ప్రధాని అమీర్ షరీఫుద్దీన్ మంత్రివర్గం కూలిపోయింది. ఇప్పుడా ఓడ లేదు, రేవులో చూడటానికి ఏమీ లేదు. మూడు ఒప్పందాల్లోనూ ఇండొనేషియన్లు తలుచుకోవడానికి ఇష్టపడనిది ఇదే. కానీ దీని పుణ్యమా అని ఐక్యరాజ్య సమితి మనుషులు ఇంటి లోపలికే వచ్చి కూర్చున్నారు.

1948 డిసెంబరు 18 రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, రెన్‌విల్ ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామన్న డచ్చివాళ్ల లేఖ జకార్తాలో సంఘం అమెరికా సభ్యుడు మెర్ల్ కోక్రన్ చేతికి అందింది. యోగ్యకర్తకు చెబుదామంటే టెలిఫోన్ తీగలు అప్పటికే తెగి ఉన్నాయి. తెల్లవారుజామున యోగ్యకర్త పక్కనున్న మగువో విమానాశ్రయం మీద పారాచూట్ సైనికులు దిగారు. సంఘం మనుషులు కొందరు కలియురాంగ్‌లోనే చిక్కుకుపోయారు. ప్రపంచం పంపిన సాక్షులు ఊరి పక్కనే ఉండగా డచ్చివాళ్లు మాట తప్పారు. హేగ్ చేసిన పెద్ద పొరపాటు అదే.

మలియోబోరో వీధి చివర, వ్రెడెబర్గ్ కోటకు ఎదురుగా ఉన్న గెదుంగ్ అగుంగ్ భవనం అప్పటి అధ్యక్ష నివాసం. తెల్లటి స్తంభాలు, ముందు పచ్చిక. ఆ ఉదయం మంత్రివర్గం అక్కడ హడావుడిగా సమావేశమై ఒక వింత నిర్ణయం తీసుకుంది. అడవికి పోవద్దు, ఇక్కడే ఉండి పట్టుబడదాం, సంఘం వాళ్లకు అందుబాటులో ఉంటాం అని. క్షయతో ఒక ఊపిరితిత్తి పనిచేయని సర్వసేనాని సుదిర్మన్ మాత్రం ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తుంటే కొండల్లోకి వెళ్లి గెరిల్లా యుద్ధం నడిపారు. సుకర్ణో, హట్టా, షహ్రీర్ ఖైదీలై విమానమెక్కారు. పశ్చిమ సుమత్రాలో షఫ్రుద్దీన్ ప్రవిరనెగర అత్యవసర ప్రభుత్వం ఏర్పాటు చేశారు. యుద్ధం ఒకరి వంతు, ఖైదు ఒకరి వంతు, ప్రభుత్వం పేరు నిలపడం మరొకరి వంతు. ఈ మూడూ ఒకేసారి నడిచాయి.

ఆ రోజు జైపూర్‌లో పట్టాభి సీతారామయ్య అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరుగుతోంది. నెహ్రూ ఆ వేదిక మీది నుంచే డచ్చి దాడిని ఖండించారు. భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ తమ గగనతలంలోకి డచ్చి విమానాలను రానివ్వలేదు. కశ్మీర్ మీద కత్తులు దూసుకున్న రెండు దేశాలు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలిచాయి. 1949 జనవరి 20 నుంచి 23 వరకు ఢిల్లీలో నెహ్రూ పిలిచిన సమావేశానికి ఈజిప్టు నుంచి ఫిలిప్పీన్స్ దాకా, ఆస్ట్రేలియాతో కలిపి, 15 దేశాలు ప్రతినిధులను పంపాయి. చైనా, నేపాల్, సయాం, న్యూజిలాండ్ పరిశీలకులుగా వచ్చాయి. ఖైదీలను వదలండి, యోగ్యకర్తను తిరిగి ఇవ్వండి, 1950 జనవరి 1 నాటికి అధికారం అప్పగించండి అని ఢిల్లీ తీర్మానించింది. అయిదు రోజుల తర్వాత భద్రతా మండలి దాదాపు అదే దారి పట్టింది, గడువు మాత్రం 1950 జూలై 1కి పెంచింది.

అమెరికా అప్పటిదాకా రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. యుద్ధంలో చితికిన నెదర్లాండ్స్‌ను మార్షల్ ప్రణాళిక డబ్బుతో నిలబెడుతున్నది తనే. ఆ దేశం ఆ ఊపుతో జావాలో యుద్ధం చేస్తోందన్న విమర్శ అమెరికా సెనేట్‌లోనే లేచింది. డిసెంబరులోనే ఇండొనేషియా ఖాతాలోని సాయాన్ని వాషింగ్టన్ నిలిపేసింది. మొత్తం సాయమే ఆగుతుందేమోనన్న భయం హేగ్‌కు పట్టుకుంది. 1948 సెప్టెంబరులో మదియున్‌లో కమ్యూనిస్టుల తిరుగుబాటును అప్పటి ప్రధాని హట్టా ప్రభుత్వమే అణచింది కాబట్టి, వీళ్లు మాస్కో మనుషులన్న డచ్చి ప్రచారమూ పనిచేయలేదు.

వ్రెడెబర్గ్ కోట పక్కనే 1949 మార్చి 1 దాడి స్మారకం ఉంది. ఆ ఉదయం గెరిల్లాలు ఊళ్లోకి చొచ్చుకొచ్చి ఆరు గంటలపాటు యోగ్యకర్తను తమ చేతిలో ఉంచుకున్నారు. సైనికంగా చూస్తే పెద్ద విజయమేం కాదు, మధ్యాహ్నానికి వెనక్కి తగ్గారు. కానీ గణతంత్రం సైన్యం చచ్చిపోయిందని డచ్చివాళ్లు చెబుతున్న మాట అబద్ధమని తేలిపోయింది. గునుంగ్ కిదుల్ కొండల్లోని ప్లాయెన్ రేడియో కేంద్రం నుంచి ఆ వార్త సుమత్రాకు, అక్కడి నుంచి బయటి ప్రపంచానికి చేరింది. ఆ ఆరు గంటలు చర్చల బల్ల మీద ఎన్నో వారాల బరువు తూగాయి.

మూడో ఒప్పందం కోసం మళ్లీ జకార్తా రైలెక్కాలి. 1949 మే 7న హోటల్ దెజ్ ఇండ్‌లో గణతంత్రం తరఫున మహమ్మద్ రుం, డచ్చివాళ్ల తరఫున వాన్ రాయెన్ మాట కలిపారు. ఆసియాలోనే పేరుమోసిన ఆ హోటల్‌ను 1971లో కూల్చేశారు. అక్కడ ఇప్పుడు దూత మెర్లిన్ అనే దుకాణాల సముదాయం ఉంది. ఆ ఒప్పందం మేరకు జూలై 6న సుకర్ణో యోగ్యకర్త తిరిగి వచ్చారు. ఆగస్టు 23న హేగ్‌లో రౌండ్ టేబుల్ సమావేశం మొదలై నవంబరు 2న ముగిసింది. డిసెంబరు 27న ఆమ్‌స్టర్‌డాంలో అధికార బదిలీ పత్రం మీద రాణి జూలియానా, హట్టా సంతకాలు చేశారు. అదే రోజు గంబిర్ స్టేషన్‌కు కనుచూపు మేరలో ఉన్న గవర్నర్ భవనం మీద డచ్చి జెండా దిగింది. భద్రతా మండలి గడువుకు ఆరు నెలల ముందే కాదు, ఢిల్లీ పెట్టిన గడువుకు కూడా అయిదు రోజుల ముందే! నెల తిరిగేసరికి, 1950 జనవరి 26న, భారత తొలి గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి సుకర్ణో.

బేరం మాత్రం చౌకగా తెగలేదు. తమను అణచడానికి డచ్చివాళ్లు చేసిన ఖర్చు కూడా కలిసిన పాత వలస ప్రభుత్వపు అప్పు, 430 కోట్ల గిల్డర్లు, కొత్త దేశం నెత్తిన పడింది. పశ్చిమ న్యూగినీని నెదర్లాండ్స్ వదల్లేదు. ఆ తగాదా 1962 దాకా సాగింది.

ఒక లెక్క మాత్రం ఇంకా తేలలేదు. పెగాంగ్సాన్ పార్కులో రాతి మీద ఉన్న తేదీ 1945 ఆగస్టు 17. నెదర్లాండ్స్ పుస్తకాల్లో మాత్రం చాలాకాలం పాటు స్వాతంత్ర్యం తేదీ 1949 డిసెంబరు 27. ఏ తేదీ ఒప్పుకుంటే ఆ మధ్య నాలుగేళ్లు అంతర్గత తిరుగుబాటును అణచడమా, మరో దేశం మీద యుద్ధమా అన్నది తేలుతుంది. 2005లో డచ్చి విదేశాంగ మంత్రి బెన్ బాట్ జకార్తా వచ్చి ఆగస్టు తేదీని రాజకీయంగా, నైతికంగా అంగీకరిస్తున్నామన్నారు. 2020లో రాజు విల్లెమ్ అలెగ్జాండర్ ఆనాటి మితిమీరిన హింసకు క్షమాపణ చెప్పారు. 2023 జూన్‌లో ప్రధాని మార్క్ రుట్టే పార్లమెంటులో, 1945 ఆగస్టు 17ను పూర్తిగా, ఏ మినహాయింపూ లేకుండా గుర్తిస్తున్నామన్నారు. అప్పటి ఇండొనేషియా అధ్యక్షుడు జోకో విడోడో మంచిదేనన్నారు గానీ, చప్పట్లు కొట్టలేదు. దాని పర్యవసానాలు ఏమిటో ముందు విదేశాంగ మంత్రిని అడిగి తెలుసుకుంటానన్నారు.